‘వివరించలేదు’ అని రాసిన సోమవారం

సహోదరులారా, సహోదరీలారా, మీలో చాలామంది మీ రక్షణ దినాన్ని కూటములలో చూశారు, కన్నీళ్ళతో చూశారు, మోకాళ్ళ మీద చూశారు. నేను మాత్రం ఒక ఫారంలో చూశాను. హన్మకొండలో ఒక బీమా కంపెనీ శాఖాఫీసు, మేడమీది గది, కిటికీ పక్కన బల్ల, సోమవారం పొద్దున. నా ముందున్నది చచ్చిపోయిన ఒక బర్రె గురించిన ఇంగ్లీషు ఫారం. అందులో ఒక గడి ఇలా అడుగుతుంది: బీమా షరతులను పశువు యజమానికి వివరించారా? అంతకు ముందు రెండేళ్ళుగా అలాంటి గడి కనబడగానే ‘వివరించడమైనది’ అని రాసి సంతకం గీకడానికి అలవాటు పడిన నా చెయ్యి ఆ రోజు ఆగింది. ఆగి, తెలుగులో ఇలా రాసింది: “లేదు. వివరించవలసినవాణ్ణి నేనే. నేను వివరించలేదు.” కింద సంతకం పెట్టాను. తేదీ వేశాను.

ఎదురుగా మా ఫీల్డ్ ఆఫీసరు సుదర్శనం గారు చాయ్ తాగుతున్నారు. ఫారం తనవైపు తిప్పుకొని చదివారు.

“ఏంది తమ్మీ ఇది?”

“ఉన్నదే రాసిన సార్.”

“ఉన్నది రాయనీకి నువ్వేమన్న ఇంక పేపర్ల రిపోర్టరు పని చేస్తానవా? చింపెయ్. కొత్త ఫారం ఇస్త.”

“చింపను సార్.”

“అది చింపకపోతె నీ పర్మనెంటు చింపుకున్నట్టే. సమజైందా?”

సమజైంది. దేవునికే మహిమ! ఆ పూట నేను పోగొట్టుకున్నది మా అమ్మ ఉపవాసాలుండి అడిగిన ఉద్యోగాన్ని, నేను విడిపించబడింది ఆ ఉద్యోగంలో నేర్చిన అబద్ధం నుంచి. ఆ రెండూ ఒకే గడిలో, ఒకే సిరాతో జరిగాయి.

ఇన్నేళ్ళ తరువాత దీన్ని మన సంఘ పత్రికకు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆరాధన అయ్యాక డిగ్రీ పూర్తి చేసిన మన సంఘపు అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి, “అంకుల్, బీమా కంపెనీల ఉద్యోగం వచ్చేటట్టుంది, చేరమంటరా? జర ప్రార్థన చెయ్యండి” అని అడిగింది. ప్రార్థన చేస్తానన్నాను, జవాబు మాత్రం నిలబడి చెప్పేది కాదమ్మా, రాసి ఇస్తానన్నాను. ఇదే ఆ జవాబు. దీనిలో కోపం ఎక్కువగా కనబడితే క్షమించండి. వయసుతో చల్లారుతుందనుకున్నాను, చల్లారలేదు, చల్లారనందుకు కూడా ప్రభువుకు స్తోత్రమే చెబుతున్నాను.

నేను తాగుబోతును కాను, జూదం తెలియదు, పెద్ద జబ్బేదీ చెయ్యలేదు. సాక్ష్యాలలో మీరు వినే చీకటి ఏదీ నా దగ్గర లేదు. నా చీకటి పట్టపగలు తిరిగింది, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, ఆదివారం గుళ్ళో మూడో వరుసలో కూర్చుని పాటలు పాడింది!

డెబ్బైల నడుమ నుంచి నేను ఒక దినపత్రికకు వరంగల్లు వార్తలు పంపేవాణ్ణి. జీతం లేదు, అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి అంగుళాల చొప్పున ఇచ్చేవారు. సాయంత్రం బస్టాండుకు పోయి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి కవరు ఇవ్వడం, మర్నాడు పేపరు విప్పి ఎంత కోసేశారో చూసుకోవడం, అదే నా బతుకు. అక్కడ వార్తలు దిద్దే డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు, ముక్కోపి. మడికొండ దగ్గర ఒక బస్సు బోల్తా పడితే నేను పోకుండానే ‘ప్రయాణికుల హాహాకారాలు మిన్నుముట్టాయి’ అని రాసి పంపాను. మర్నాడు ఫోనులో, “నువ్వు విన్నావా హాహాకారాలు? వినకుండా ఎలా రాశావు? చూసింది రాయి, చూడనిది అడిగి రాయి, అడిగే ఓపిక లేకపోతే ఇంట్లో పడుకో!” అని తిట్టారు. నాకు ఏ కాలేజీలోనూ అంతకన్నా మంచి పాఠం చెప్పలేదు.

కాని పాఠంతో పొయ్యి వెలగదు గదా. మా నాన్న అప్పటికే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయాడు. మా అమ్మ మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పి రిటైరయిన మనిషి, నాకొక స్థిరమైన ఉద్యోగం రావాలని శుక్రవారం శుక్రవారం ఉపవాసముండేది. ఎనభైల మొదట్లో ఆ బీమా కంపెనీలో తాత్కాలికంగా ఫీల్డు అసిస్టెంటు పని దొరికింది, పనితీరు బాగుంటే రెండేళ్ళలో పర్మనెంటు చేస్తామన్నారు. మా అమ్మ ఆనందం చూడాలి! ఆదివారం నన్ను గుళ్ళో ముందుకు పిలిచారు, పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి కృతజ్ఞతా ప్రార్థన చేశారు, పెద్దలు ఆమేన్ అన్నారు, అమ్మ సంఘమంతటికీ బూందీ పంచింది.

సహోదరులారా, నా మొదటి కోపం ఇక్కడే. ఆ రోజు నా కోసం ప్రార్థించినవారిలో ఒక్కరైనా, “నాయనా, అక్కడ నువ్వు చేసే పనేమిటి?” అని అడగలేదు! ఉద్యోగం రావాలని ప్రార్థిస్తాం, వచ్చినందుకు స్తుతిస్తాం, ఆ తరువాత సోమవారం నుంచి శనివారం దాకా ఆ కుర్చీలో కూర్చుని మన బిడ్డ ఏం రాస్తున్నాడో, ఎవరి నోరు కొడుతున్నాడో ఎవరికీ పట్టదు. నాకూ పట్టలేదు, అందుకే ఇతరులను మాత్రమే అనడం లేదు.

పని ఇది. ఆ రోజుల్లో పేద రైతులకూ కూలివాళ్ళకూ బ్యాంకు అప్పు మీద పాడి బర్రెలు ఇప్పించే పథకం నడుస్తుండేది. ఇచ్చిన ప్రతి బర్రెకూ బీమా ఉండాలి. బీమా చేసిన బర్రెకు గుర్తుగా చెవికి నంబరున్న చిన్న ఇత్తడి బిళ్ళ వెయ్యాలి. పట్టకారు లాంటి పరికరంతో చెవిని కుట్టి బిళ్ళ బిగించడం నా పని, అందుకని ఊళ్ళలో నాకు ‘బిళ్ళల సారు’ అని పేరు పడింది. షరతు ఏమిటంటే, బర్రె చచ్చిపోతే వెంటనే కబురు చెయ్యాలి, పాతిపెట్టకముందు పశువుల డాక్టరు చూడాలి, బిళ్ళతో సహా ఆ చెవిని కోసి ఆఫీసుకు అప్పగించాలి. బిళ్ళ రాకపోతే బీమా రాదు. బర్రె పోయినా బ్యాంకు అప్పు మాత్రం పోదు.

ఈ సంగతి బిళ్ళ వేసే రోజునే యజమానికి విడమరచి చెప్పాలి. మొదట్లో చెప్పబోయాను కూడా. ఒక ఊళ్ళో ఒక ముసలాయన ఇంటికి కొత్త బర్రె వచ్చింది. ఆయన భార్య దాని కాళ్ళు కడిగి, నొసట పసుపు రాసి బొట్టు పెట్టి, హారతి పట్టుకొని నిలబడింది. నేను నోరు తెరిచి, “తాతా, ఒకవేళ బర్రె చచ్చిపోతే చెవి కోసి...” అన్నానో లేదో, ఆయన కర్ర ఎత్తాడు.

“ఇంక గడప తొక్కనేలేదు, నీ నోట్లకెళ్ళి చావు ముచ్చట! బొట్టు పెట్టిన గొడ్డు ముందట గివేం మాటలురా! నీ బిళ్ళ తీస్కపోయి నీ చెవుకే కొట్టుకో, పో!”

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. ఆ ముసలమ్మ మాత్రం నవ్వలేదు, మళ్ళీ లోపలికి పోయి ఉప్పు తెచ్చి బర్రెకు దిష్టి తీసింది. జీపులో తిరిగి వస్తూ సుదర్శనం గారు అన్నారు: “చూసినవా తమ్మీ? ఇంటికి లచ్చిమి వస్తాంటె చావు ముచ్చట ఎవడింటడు? నువ్వు చెప్పకు, గా గడి మాత్రం నింపెయ్. ఎవడు చదువుతడు? ఫికర్ చెయ్యకు.”

నేను ఫికర్ చెయ్యలేదు. వాళ్ళ ఆచారానికి మర్యాద ఇస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సాతాను నా దగ్గరకు భయపెట్టే రూపంతో రాలేదు సహోదరులారా, మర్యాదస్తుడిలా వచ్చాడు, జీపులో నా పక్కనే కూర్చున్నాడు! కొత్త పశువు ముందు ఈ జనం చావు మాట విననివ్వరని మాకు తెలుసు. పాలిచ్చిన బర్రె చస్తే దాని ఒంటికి కత్తి తగలనియ్యని ఇళ్ళు ఎన్నో ఉన్నాయని కూడా మాకు తెలుసు. ఈ రెండూ తెలిసీ, రెండింటి నడుమ ఒక షరతు పెట్టి, అది చెప్పకుండా చెప్పామని రాసుకొని కూర్చున్నాం. దీన్ని వ్యాపారమంటారా? నేను ఉచ్చు అంటాను.

కొమురమ్మ ఊరు నర్సంపేట దారిలో, రోడ్డు దిగి కొంత దూరం నడవాలి. మొగుడు పోయాడు, కొడుకు మరమగ్గాల పనికి భివండి పోయి అక్కడే ఉండిపోయాడు. ఒంటి మనిషి, వానకు పండే కొద్దిపాటి చెలక, మిగతా అంతా కూలి. ఆమె బర్రెకు నేనే బిళ్ళ వేశాను. చెవి కుట్టేటప్పుడు దాని తలను రొమ్ముకు ఆనించి పట్టుకొని, “అయిపోయింది తల్లీ, అయిపోయింది” అని బుజ్జగిస్తూ ఉంది. రెండు బొట్లు రక్తం కారితే కొంగుతో తుడిచి, పసుపు అద్ది, నన్ను చూసి అంది:

“ఏం సారూ, నువ్వు గిన్ని ఊర్లు తిరుగుతవ్, నీకు గూడ ఒక బిళ్ళ కొట్టియ్యాల్నా? తప్పిపోతె మీ అమ్మకు దొరుకుతవ్.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వుతూనే జీపు బానెట్ మీద ఫారం పెట్టి ఆ గడి నింపాను.

ఏడాది తిరగకుండానే, వానాకాలంలో, ఆ బర్రెకు గొంతువాపు వచ్చింది. పొద్దున మేత ముట్టలేదు, మాపటికి ప్రాణం పోయింది. పశువుల డాక్టరు పక్క ఊళ్ళో ఉన్నాడు, వాగు పొంగి రాలేకపోయాడు. కొమురమ్మ ఊరివాళ్ళ సాయంతో దాన్ని తన చెలక గట్టున పాతిపెట్టింది. తోలు ఒలుచుకుంటామని వచ్చినవాళ్ళను తిరగగొట్టింది. దాని నొసట పసుపు బొట్టు పెట్టి, ఉన్న చీరల్లో మంచిదాన్ని కప్పి, చెవి బిళ్ళతో సహా మట్టిచేసింది. కన్నబిడ్డ వంటి గొడ్డును ఎలా సాగనంపాలో అలాగే సాగనంపింది. ఆ మనిషి చేసిన తప్పు ఇదొక్కటే!

బర్రె పోయిన సంగతి బ్యాంకుకు ఐదు రోజుల తరువాత చెప్పింది. వాళ్ళు మాకు కాగితం పంపారు. నేనూ సుదర్శనం గారూ జీపులో పోయాం. ఊరు ఊరంతా చెలకలోకి వచ్చింది. కప్పిన మన్ను ఇంకా పచ్చిగానే ఉంది. సుదర్శనం గారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెల్లగానే చెప్పారు: “చూడమ్మా, బిళ్ళ లేకుంటె నేను చేసేదేం లేదు. తవ్వించు. చెవు కోసి ఇయ్యి. నీ పైసలు నీకొస్తయ్.”

“ఏందీ, తవ్వాల్నా? నా బిడ్డను బొందల పెట్టి మల్ల తీసి చెవు కోయాల్నా?” అంది కొమురమ్మ. ఏడవలేదు. పోయి ఆ మట్టికుప్ప మీద కూర్చుంది. “తవ్వుండ్రి. నన్ను తవ్వినంక దాన్ని తవ్వుండ్రి.”

జనంలో గొణుగుడు మొదలైంది. ఒకడు, “బతికున్నప్పుడు చెవు కుట్టిరి, చచ్చినంక చెవు కోస్తాండ్రు, గీళ్ళ కండ్లు ఎప్పుడు చెవు మీదనే గదరా!” అని కేక వేశాడు. సుదర్శనం గారు నా చేతికి గడ్డపార అందించి, చెవిలో, “ఊకె రెండు పోట్లు పొడువు, లేస్తది” అన్నారు. నేను గడ్డపార పట్టుకుని రెండడుగులు వేశాను. అవును, నేనే వేశాను. కొమురమ్మ కూర్చున్నచోటి నుంచే నన్ను గుర్తుపట్టింది.

“నువ్వే గద బిళ్ళ కొట్టింది. చెవు దాచాలని ఆ రోజు నాకు చెప్పినవా కొడుకా?”

ఊరంతా నా నోటి వైపు చూసింది. ఆఫీసరు చూశాడు. పర్మనెంటు జాబితా ఆ నెలాఖరుకు పోవాలి, అందులో నా పేరు ఉంది. నేను అన్నాను: “చెప్పిన.”

సహోదరులారా, ఆమె నన్ను తిట్టి ఉంటే, మన్ను తీసి మొహాన కొట్టి ఉంటే, బహుశా నేను ఆ అబద్ధంతో బతికేసేవాణ్ణి. ఆమె తనలో తాను అనుకున్నట్టు అంది: “చెప్పినవేమో బిడ్డా. నేనే ఇన్లేదేమో. దాని తల పట్టుకొని ఉంటి. నాదే తప్పేమో.”

చదువుకున్నవాడు ‘చెప్పాను’ అంటే, చదువుకోని మనిషి తన చెవులనే అనుమానించుకుంది! ఇదీ మన ఫారాలు, మన సంతకాలు, మన ఇస్త్రీ చొక్కాలు పేదవాళ్ళకు చేస్తున్న పని. నష్టం వాళ్ళదే, తప్పు కూడా వాళ్ళదే అని వాళ్ళ చేతనే ఒప్పించడం! సుదర్శనం గారికి అది చాలు. తవ్వే అవసరం కూడా లేకపోయింది. “యజమానే ఒప్పుకుంది గద, సోమవారం రిపోర్టు రాసియ్యి” అని జీపెక్కారు. దారి పొడుగునా నా భవిష్యత్తు గురించే మాట్లాడారు. ఆయన చెడ్డమనిషి కాడు, నా పేరు జాబితాలో పెట్టించింది ఆయనే, ఆయన పిల్లల పుట్టినరోజులకు నేను భోజనం చేశాను. అదే నాకు మరీ మంట. చెడ్డమనిషి ఒక్కడూ లేకుండానే ఇంత చెడ్డ పని జరిగిపోయింది.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే అంది: “అందరు రాసినట్టు నువ్వు రాసినవ్. నువ్వొక్కనివే పాపాత్మునివా బిడ్డా? ఈ ఒక్కటి రాసి పర్మనెంటు కానీ. తర్వాత గసుంటియి రాయకు.” మా అమ్మను నిందించను. ఆమె ఎన్ని శుక్రవారాలు కడుపు మాడ్చుకుందో నాకు తెలుసు. ఆ మాటే నా మనసు కూడా అంటోంది, అదీ తెలుసు.

మర్నాడు ఆదివారం. గుళ్ళో చదివిన వాక్యభాగం ప్రభువును పట్టుకోవడానికి జనం వచ్చిన ఘడియ గురించి. శిష్యుడొకడు కత్తి దూసి ఒక దాసుని చెవి నరికాడు, ప్రభువు ఆ చెవిని ముట్టి బాగుచేశాడు. పాస్టరుగారు కత్తి గురించి ప్రసంగించారు, ఆవేశం తగదని చెప్పారు. నాకు ఆ ప్రసంగం ఒక్క ముక్క వినబడలేదు. తన్ను బంధించడానికి వచ్చిన గుంపు, దివిటీలు, గుదియలు, అంత గోలలో, కొద్ది గంటల్లో తనకు మరణమని తెలిసి కూడా, ప్రభువు ఎవడో ఒక పనివాడి చెవి దగ్గర ఆగాడు! దాన్ని ‘చిన్న విషయం’ అనలేదు. నేనైతే బర్రెను పోగొట్టుకున్న ఆడమనిషి దగ్గరకు గడ్డపార పట్టుకొని ఒక చెవి అడగడానికి పోయినవాణ్ణి.

ఆరాధన అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. నేను చాప మీదనే ఉండిపోయాను. రెండేళ్ళుగా నా ప్రార్థన ఒక్కటే: “ప్రభువా, ఈ ఉద్యోగం నీవిచ్చినది, దీన్ని స్థిరపరచు.” ఆ రోజు ఆ మాట నోటికి రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. చివరకు వచ్చింది ఇది, నాకింకా జ్ఞాపకం: “ప్రభువా, ఉద్యోగం వద్దనడానికి నాకు ధైర్యం లేదు, కావాలనడానికి మొహం లేదు. నేను ఆమెకు చెప్పలేదు. నీకు తెలుసు నేను చెప్పలేదని. నేను ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఏం రాయమంటావో నీవే రాయించు, నా చెయ్యి నాకు లోబడడం లేదు.” దర్శనం కలగలేదు, స్వరం వినబడలేదు. కాని లేచేసరికి, డెస్కు పెద్దాయన తిట్లు వినేటప్పుడు ఒళ్ళంతా ఎలా వేడెక్కేదో అలా వేడెక్కింది. ఆ వేడి కోపమని అప్పుడే అర్థమైంది, ఆ కోపం మొదట నా మీద అని కూడా అర్థమైంది. అది దేవుడిచ్చిన కోపమని నేను నమ్ముతున్నాను.

సోమవారం ఏం రాశానో మీకు ముందే చెప్పాను. సుదర్శనం గారు గంటసేపు నచ్చజెప్పారు. చివరకు గొంతు తగ్గించి, “నువ్వొక్కనివి గిట్ల రాస్తె మిగతా ఫారాలన్ని ఏమైతయ్ తమ్మీ? గవన్ని అబద్ధాలేనా?” అన్నారు. “అవును సార్” అన్నాను. ఆయన మొహం చూసి జాలేసింది. ఫారాన్ని ఆయన చింపలేదు, అది ఆయన గొప్పతనమే. నా రాతతో సహా పై ఆఫీసుకు పంపారు. నెలాఖరుకు నా పని ఆగిపోయింది. పర్మనెంటు జాబితాలో నా పేరు మీద గీత పడింది. మా అమ్మ నాతో చాలా రోజులు పొడిపొడిగా మాట్లాడింది, గుళ్ళో కొందరు, “దేవుడిచ్చిన దాన్ని కాలదన్నుకున్నడు” అన్నారు.

నేను కొమురమ్మ దగ్గరకు పోయాను. ఎవరూ లేనిచోట చెబుదామని పొద్దున్నే పోయాను, చూశారా నా ధైర్యం! ఆమె పొయ్యి దగ్గర ఉంది. “అమ్మా, ఆ రోజు నేను చెప్పలేదు. అబద్ధమాడిన. నీ తప్పు లేదు” అన్నాను. క్షమిస్తుందనుకున్నాను. ఆమె లేచింది.

“నాకెందుకు చెప్తానవ్ పొయ్యి కాడ? అబద్ధం పది మంది ముందట ఆడినవ్. నిజం గూడ పది మంది ముందటనే చెప్పు. ఊరంత నన్ను చెవులు ఇనరాని ముండ అంటాంది.”

నా చెయ్యి పట్టుకొని బయటికి లాక్కుపోయింది. పంచాయితీ ఆఫీసు ముందు, పనులకు పోయేవాళ్ళు గుంపుగా నిలబడే చోట, నన్ను నిలబెట్టి, “ఇనుండ్రి, బిళ్ళల సారు చెప్తాండు” అంది. నేను చెప్పాను. షరతు ఏమిటో చెప్పాను, బిళ్ళ వేసిన రోజున చెప్పలేదని చెప్పాను, చెలకలో అబద్ధమాడానని చెప్పాను. ఒకాయన, “గిదంత ఇప్పుడెందుకు, కంపెనీ నిన్ను తీసేసిందా ఏంది?” అన్నాడు. తీసేసిందన్నాను. నవ్వారు. ఒకామె ఉమ్మేసింది. కొమురమ్మ మాత్రం, “ఇన్నరా? నా చెవులు మంచిగనే ఉన్నయ్” అని, కొంగు దోపుకొని పనికి పోయింది. నన్ను క్షమించినట్టు ఒక్క మాటా అనలేదు. సహోదరులారా, నా మొదటి సాక్ష్యం అదే. ఏ గుళ్ళోనూ కాదు, ఒక కూలి మనిషి నా మణికట్టు పట్టుకొని ఇప్పించింది. ఆ పట్టులో ప్రభువు చెయ్యి కూడా ఉందని నేను ఈనాటికీ నమ్ముతాను. దేవునికే మహిమ!

తరువాత సైకిలు మీద, నేను బిళ్ళలు వేసిన ఊళ్ళన్నీ తిరిగాను. ఈసారి ముందే ఇంటివాళ్ళను పశువుల కొట్టానికి దూరంగా, వాకిట్లోకి పిలిచి, గొడ్డు ముందు కాకుండా మనుషుల ముందు చెప్పాను. అంతే! అంత తేలిక! నాలుగడుగులు పక్కకు పిలిచి చెబితే ఏ ముసలాయనా కర్ర ఎత్తలేదు. ఆచారానికీ షరతుకూ నడుమ నాలుగడుగుల దూరమే ఉంటే, ఆ నాలుగడుగులు వెయ్యడానికి బద్ధకించి ఆచారాన్ని నిందించాం. ఒక ఊళ్ళో ఒకడు, “నా బర్రె పోయి ఏడాదాయె, ఇప్పుడొచ్చినవా?” అని సైకిలు గాలి తీసేశాడు. చేయదగిన పనే. ఆరు మైళ్ళు తోసుకుంటూ వచ్చాను.

మళ్ళీ పత్రికే నన్ను చేర్చుకుంది, ఈసారి కొద్దిపాటి జీతంతో. పెద్దగా సంపాదించలేదు. అమ్మ పోయే ముందు ఒక శుక్రవారం, “నేను అడిగింది ఒకటి, దేవుడిచ్చింది ఒకటి. పోనీ, నీ నిద్ర నీకుంది” అంది. అది చాలు నాకు.

ఇక నీకు జవాబు తల్లీ. బీమా పాపమని నేను చెప్పడం లేదు. పది మంది తలా కొంత వేసి ఒకరి నష్టాన్ని మొయ్యడం ప్రభువుకు ఇష్టమైన పనే, ఆ పని నిజంగా జరిగిన ఇళ్ళను కూడా నేను చూశాను, పోయిన ఎద్దు స్థానంలో కొత్త ఎద్దు వచ్చిన రైతు మొహం చూశాను. వెళ్ళు. కాని అమ్మే రోజున నవ్వుతూ చెప్పలేని మాట ఏదైనా ఆ కాగితంలో ఉంటే, దాన్నే ముందు చెప్పు. చెప్పలేకపోతే చెప్పినట్టు రాయకు. అలా రాయమని ఎవరైనా అంటే, ఎంత మంచివాళ్ళైనా, ఎంత ప్రేమతో తమ్మీ అన్నా, చెల్లీ అన్నా, ఆ కుర్చీలోంచి లే. లేచాక ఏమవుతుందో అని భయపడుతున్నావేమో. నా దేవుడు కుర్చీ పోయినవాళ్ళను ఎరుగును. ఉద్యోగం కోసం ఆయనను నమ్మినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఉద్యోగం పోయినా నమ్మి చూడమని మిమ్మల్నందరినీ పిలుస్తున్నాను. నన్ను ఆయన పస్తు పెట్టలేదు, ఆయనకే స్తోత్రం.

కొమురమ్మకు మాత్రం ఈ సాక్ష్యం ఏమీ తెచ్చిపెట్టలేదు, దీన్ని దాచి మిమ్మల్ని సంతోషపెట్టలేను. లేని బర్రె మీది అప్పును ఆమె ఎనుమాముల మార్కెట్టులో మిరపకాయల తొడిమలు తీసి, దగ్గుతూ దగ్గుతూ తీర్చింది. నా రాతతో ఉన్న ఆ ఫారం ఆధారంగా బీమా డబ్బు ఇవ్వమని కంపెనీకి ఆమె బతికుండగా ఆమె పేరున, ఆమె పోయాక ఆమె కొడుకు పేరున, నేను ఉత్తరాలు రాస్తూనే వచ్చాను. ‘పరిశీలనలో ఉన్నది’ అని ఒకసారి కార్డు వచ్చింది. ఇస్తామని గాని, ఇవ్వమని గాని ఆ తరువాత ఏ జవాబూ రాలేదు.